నలభై మందితో మొదలైన కమిటీలో ఆరుగురే మిగిలారు

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. ఏడాది కిందట మా పేటలో తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు పాడుబడ్డ బిల్డింగు వెనక జిగురు పీలుస్తూ దొరికారు. వాళ్లలో ఒకడు స్పృహ తప్పి ఆస్పత్రిలో చేరాడు. అందరూ ఉలిక్కిపడ్డారు. వారం తిరక్కుండా హెడ్‌మాస్టర్‌నీ, డాక్టర్‌నీ, పోలీసు అధికారినీ, దుకాణదారులనూ, యువజన సంఘాన్నీ, తల్లిదండ్రులనూ ఒకచోట కూర్చోబెట్టాను. 40 మంది వచ్చారు. కమిటీ వేశాం, ర్యాలీ తీశాం, పుర్రె బొమ్మల పోస్టర్లు అంటించాం, పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించాం. పోయిన నెల నాలుగో మీటింగుకి ఆరుగురమే మిగిలాం. హెడ్‌మాస్టర్ గారేమో ‘ఆ ముగ్గుర్నీ పంపించేశాం, ఇప్పుడు మా బళ్లో ఆ గొడవే లేదు’ అంటారు. పోలీసు అధికారి ‘పేర్లివ్వండి, మేం చూసుకుంటాం’ అంటారు. డాక్టరు గారికి తీరిక లేదు. కుర్రాళ్లయితే ఈ వైపుకే రారు. నేనెక్కడ పొరబడ్డాను? మళ్లీ అందర్నీ పిలిచి ఇంకా పెద్ద మీటింగు పెట్టమంటారా, వదిలేయమంటారా?
— ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: టీచర్ గారూ, పెద్ద మీటింగూ వద్దు, వదిలేయడమూ వద్దు. ఆరుగురు చాలు.

మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదిది. పిల్లల్ని మత్తుకి దూరంగా ఉంచడానికి అమెరికాలో ప్రాస్పర్ అని ఒక పద్ధతి ఉంది. అయోవా, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో 28 స్కూల్ డిస్ట్రిక్టులను తీసుకుని, సగం చోట్ల దాన్ని అమలు చేసి, మిగతా సగంతో పోల్చి చూశారు. ఊరికొక చిన్న బృందం, పది మంది అటూ ఇటూగా. అందులో బడి మనిషి ఒకరు తప్పనిసరి. వెనక నుంచి విశ్వవిద్యాలయం వాళ్ల సలహా. ఆ చిన్న బృందాలు ఏళ్ల తరబడి నిలబడ్డాయి, అక్కడి పిల్లల్లో మత్తు వాడకమూ మిగతా ఊళ్లకంటే తక్కువగా ఉంది. నలభై మందిని పోగేయడం వాళ్ల పద్ధతిలో ఎక్కడా లేదు.

మీ పొరపాటు ఎక్కడంటే, ముందు మనుషుల్ని పిలిచి, ఆ తర్వాత పని వెతికారు. అందరూ చేసేదే అది. దెబ్బ తగిలిన వేడిలో అందరూ వస్తారు. వచ్చినవాడికి ‘నువ్వు ఫలానాది చెయ్యి, ఫలానా రోజుకి’ అని అప్పజెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు కాబట్టి ర్యాలీ తీస్తాం. ర్యాలీ అయ్యాక ‘చేశాంగా’ అన్న తృప్తి మిగులుతుంది. నన్నడిగితే, జనం రాకుండా పోవడానికి వాళ్ల ఆరంభశూరత్వం సగమే కారణం. మిగతా సగం, వచ్చినవాళ్లకి చేతినిండా పని దొరక్కపోవడం.

పోస్టర్ల సంగతి కూడా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేనూ అంటించాను. ఒక బళ్లో, రకరకాల మత్తు పదార్థాల బొమ్మలు వరసగా వేసి, కింద వాటి పేర్లు రాసి, పక్కన పుర్రె పెట్టాం. బయటికి వస్తుంటే ఓ కుర్రాడు ఎంతో అమాయకంగా అడిగాడు: “సార్, ఆ మూడోది ఎక్కడ దొరుకుతుంది?” వాడికి అప్పటిదాకా దాని పేరే తెలీదు. ఆ రోజు నుంచి పోస్టరు జోలికి వెళ్లలేదు.

నా అనుభవం చిన్నదే గానీ, పెద్ద పెద్ద లెక్కలూ అదే చెబుతున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో 1983లో డేర్ అనే కార్యక్రమం మొదలైంది. పోలీసు అధికారి యూనిఫాంలో తరగతికి వచ్చి పాఠం చెప్పేవాడు. దేశమంతా పాకింది, తల్లిదండ్రులకు తెగ నచ్చింది. పరిశోధకులు ఆ పాఠాలు విన్న పిల్లల్నీ వినని పిల్లల్నీ ఏళ్ల తరబడి పోల్చి చూస్తే మత్తు వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తర్వాత ఆ సంస్థ తన పాఠాలనే మార్చుకుంది. 1998 నుంచి 2004 దాకా అమెరికా ప్రభుత్వం దాదాపు వంద కోట్ల డాలర్లు పోసి టీవీ ప్రకటనల ఉద్యమం నడిపింది. గంజాయి వాడకం దానివల్ల తగ్గలేదు సరికదా, కొందరు పిల్లల్లో ఫలితం ఎదురు తిరిగిన సూచనలు కూడా కనిపించాయి. ఎందుకంటే ‘ఇన్నిసార్లు చెబుతున్నారంటే అందరూ వాడుతున్నారన్నమాట’ అనుకునే వయసది. తోటివాళ్లు నిజంగా వాడేదానికంటే ఎక్కువ వాడుతున్నారని పిల్లలు ఎలాగూ అనుకుంటారు. మన హడావిడి ఆ నమ్మకానికి సాక్ష్యమవుతుంది.

ఇంకో హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మీ కమిటీలో ఎవరో ఒకరు ఈ సలహా ఇచ్చే ఉంటారు. దారి తప్పుతున్న పిల్లలందర్నీ ఏరి, ఒక గదిలో కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇప్పిద్దామని. ఆ పని చేయకండి. థామస్ డిషియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తా ఆయన సహచరులూ 1999లోనే దీని గురించి రాశారు: ఆ వయసులో అలాంటి పిల్లల్ని గుంపు కడితే ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు, కొందరి ప్రవర్తన ఇంకా చెడుతుంది. మంచి చేద్దామని మొదలుపెట్టి మనమే వాళ్లకి స్నేహితుల్ని కుదిర్చినట్టవుతుంది.

మరి ఏం చేయాలి? ముందు తెలుసుకోవాలి. మీ పేటలో పిల్లలు వాడుతున్నది ఏమిటి, ఏ వయసులో మొదలవుతోంది, ఎక్కడ దొరుకుతోంది, వారంలో ఏ రోజు, ఏ వేళ? ఇవి తెలియకుండా వేసే ప్రతి అడుగూ చీకట్లో బాణమే. మీకు తెలిసింది జిగురు పీల్చిన ఒక్క సంఘటన. అసలు సమస్య సిగరెట్ కావచ్చు, మద్యం కావచ్చు, ఇంట్లో అమ్మమ్మ నిద్రమాత్రలు కావచ్చు. ఒక్కోదానికి తలుపు తట్టాల్సిన ఇల్లు వేరు.

ఐస్‌లాండ్ కథ మీరు వినే ఉంటారు. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో ‘గడిచిన నెల రోజుల్లో మత్తెక్కేదాకా తాగాను’ అన్నవాళ్లు నూటికి 42 మంది. 2016 నాటికి 5. రోజూ సిగరెట్ కాల్చేవాళ్లు 23 నుంచి 3కి దిగారు. దీనికి కారణమేమిటంటే అందరూ ఆటల గురించీ, పిల్లలు రాత్రి ఫలానా వేళకి ఇల్లు చేరాలన్న చట్టం గురించీ చెబుతారు. అవీ ఉన్నాయి. వెనక ప్రభుత్వ డబ్బూ ఉంది. నాకు మాత్రం అన్నిటికంటే నచ్చిన ముక్క వేరు. పిల్లల్ని క్రమం తప్పకుండా, పేర్లు లేకుండా అడిగారు. ఆ జవాబుల్ని ఏ అలమారాలోనో పెట్టి తాళం వేయకుండా, కొద్ది వారాల్లోనే ఏ ప్రాంతం లెక్క ఆ ప్రాంతానికి, ఏ బడి లెక్క ఆ బడికి తిరిగిచ్చారు. ‘దేశంలో ఇంతమంది’ అంటే తల్లిదండ్రులు తలూపి వెళ్లిపోతారు. ‘మన పిల్లల్లో ఇంతమంది’ అంటే కూర్చుంటారు. ఒక్క మాట, ఆ అంకెలు చూసి మోసపోకండి. అదే కాలంలో ఐరోపాలోని చాలా దేశాల్లో కుర్రవాళ్ల తాగుడు తగ్గింది. మొత్తం ఘనత ఒక్క పద్ధతికే ఇవ్వలేం. అది చిన్న దేశం కూడా.

మీ పేటలోనూ అలా పేర్లు లేని సర్వే చేయాలి. దానికి మీ హెడ్‌మాస్టర్ గారు ఒప్పుకోవాలి. ఆయన అబద్ధం చెబుతున్నారని నేననుకోను. భయపడుతున్నారు. ‘మత్తుకి అలవాటు పడ్డ పిల్లల బడి’ అన్న పేరొస్తే చేరేవాళ్లు చేరరు, పైవాళ్లు సంజాయిషీ అడుగుతారు. ఈ భయం తీర్చకుండా ఆయన మనస్సాక్షిని తట్టి లాభం లేదు. అందరి ముందూ అడగకండి, మీటింగులో అసలే వద్దు. మీరు టీచరుగా చేశారు, ఆయన భాష మీకు వచ్చు. ఒక్కరే వెళ్లి కూర్చోండి. కాగితం మీద రాసిన మూడు మాటలు పట్టుకెళ్లండి. ఒకటి, సర్వే కాగితాల మీద పిల్లవాడి పేరు, రోల్ నంబరు ఉండవు, తల్లిదండ్రులకు ముందే తెలియజేస్తాం. రెండు, మీ బడి లెక్క మీ చేతికే ఇస్తాం. బయటికి చెప్పేది నాలుగైదు బళ్లు కలిపిన మొత్తమే. మూడు, ఏ జవాబైనా పది మంది కంటే తక్కువ మంది ఇస్తే దాన్ని విడిగా చూపించం, ఎందుకంటే అంత చిన్న లెక్కలో ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఈ మూడో మాట విన్నాక చాలామంది హెడ్‌మాస్టర్ల ముఖం మారడం నేను చూశాను. మీరు లోతుగా ఆలోచించే వచ్చారని అప్పుడు నమ్ముతారు.

సర్వేలో ఇరవై ప్రశ్నలు దాటనివ్వకండి. మత్తు గురించే కాదు, మిగతావీ అడగండి: సాయంత్రం నువ్వెక్కడున్నావో ఇంట్లో తెలుస్తుందా, కష్టం వస్తే చెప్పుకోడానికి పెద్దవాళ్లు ఒక్కరైనా ఉన్నారా, బడికి రావాలనిపిస్తుందా? నిజం చెప్పాలంటే అసలు విషయం ఈ ప్రశ్నల్లోనే ఉంటుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హాకిన్స్, రిచర్డ్ కాటలానో రూపొందించిన కమ్యూనిటీస్ దట్ కేర్ పద్ధతి మొత్తం ఈ ఆలోచన మీదే నడుస్తుంది. పిల్లల్ని మత్తు వైపు నెట్టే పరిస్థితులేమిటో, వాళ్లని ఆపే ఆసరాలేమిటో ముందు కొలిచి, వాటిలో మీ ఊళ్లో బాగా చెడిపోయి ఉన్న రెండు మూడింటినే ఎంచుకుని పని చేయమంటుంది. అన్నీ ఒకేసారి కాదు.

పోలీసు అధికారి విషయం ఇంతకంటే సున్నితం. ‘పేర్లివ్వండి’ అన్న మాట బయటికి పొక్కిన రోజే మీ కమిటీ సగం చచ్చిపోయింది. మీ దగ్గర నోరు విప్పితే కొడుకు స్టేషన్లో ఉంటాడన్న అనుమానం వస్తే ఏ తల్లి మీ గడప తొక్కుతుంది? ఆయన చెడ్డవాడని కాదు, ఆయనకి తెలిసిన పని అది. మీరు ఆయనకి వేరే పని ఇవ్వాలి. పిల్లలకి అమ్మేవాళ్ల సంగతి ఆయనది. వాడే పిల్లల సంగతి బడిది, ఇంటిది, డాక్టరుది. ఈ గీత కాగితం మీదే గీయండి, ఆయన సంతకం తీసుకోండి. ఆ గీతకి ఒక మినహాయింపు కూడా రాసుకోండి: ప్రాణం మీదికొచ్చినా, పిల్లవాణ్ని ఎవరైనా హింసిస్తున్నారని తెలిసినా రహస్యం పనికిరాదు. ఆ సంగతి పిల్లలకూ ముందే చెప్పాలి.

ఆయనకి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఇది మీ ఆరుగురికీ తెలియాలి. జిగురు, థిన్నర్ లాంటివి పీల్చినప్పుడు గుండె లయ తప్పి అప్పటికప్పుడే ప్రాణం పోవచ్చు, మొదటిసారి పీల్చినవాడికైనా సరే. ఆ మత్తులో ఉన్న పిల్లవాణ్ని అరిచి బెదరగొట్టినా, తరిమినా ఆ ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి తరిమి పట్టుకోవద్దు. నెమ్మదిగా మాట్లాడుతూ, గాలి తగిలే చోటికి తీసుకురావాలి. స్పృహ లేకుండా ఊపిరి మాత్రం ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్సు పిలవాలి. ఊపిరి కూడా ఆడకపోతే వెంటనే సీపీఆర్, అంటే ఛాతీని పదే పదే నొక్కి గుండెని ఆడించే ప్రథమ చికిత్స, మొదలుపెట్టాలి. దీన్ని గంటన్నరలో మీ అందరికీ చేసి చూపించడానికి ఎవరు కావాలి? డాక్టరు గారు. చూశారా, ఆయనకి పని దొరికింది. ఆయన్ని మీటింగులకి పిలవడం మానేయండి. మూడే అడగండి: ఈ ఒక్క శిక్షణ, వారంలో ఒక గంట మేం పంపిన పిల్లవాణ్ని చీటీ లేకుండా చూడటం, ఆయన చేతిలో నయం కానివాళ్లని ఎక్కడికి పంపాలో ఒక అడ్రసు. ఈ చివరిది లేకుండా మాత్రం బయటి పని మొదలుపెట్టకండి. మీరు నివారణ అని మొదలుపెడతారు, మొదటి వారమే ఒక తండ్రి వచ్చి ‘నా పెద్దవాడు మానలేకపోతున్నాడు, ఏం చేయమంటారు’ అని నిలబడతాడు. ఆయనకి చూపించడానికి ఒక తలుపు ఉండాలి.

దుకాణదారుల దగ్గరికి నేరం మోపడానికి వెళ్లకండి, సాయం అడగడానికి వెళ్లండి. జిగురు ఎవరు కొంటున్నారో, ఏ వేళకి కొంటున్నారో మీ కంటే వాళ్లకి బాగా తెలుసు. ‘యూనిఫాంలో ఉన్న పిల్లాడు వారంలో మూడోసారి వస్తే ఏం చేస్తారు?’ అని అడిగి ఊరుకోండి. జవాబు వాళ్లే వెతుక్కుంటారు.

డబ్బు గురించి ఒకటే మాట. మద్యం, పొగాకు అమ్ముకునే కంపెనీ ఏదీ ఇచ్చినా తీసుకోకండి, ఎంత మంచి మాటలతో వచ్చినా. లోగో చిన్నదే వేస్తామంటారు, అయినా వద్దు.

కుర్రాళ్లు రారంటున్నారు. ఎందుకొస్తారు? మీరు చెప్పేది వినడానికి వాళ్లని పిలిచారు. పెద్దవాళ్లు నలభై మంది కూర్చుని తమ గురించి మాట్లాడుకునే చోట, చివరి కుర్చీలో కూర్చోమంటే మీరైనా వెళతారా? ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకోండి. ఫస్టు మార్కులవాళ్లే అక్కర్లేదు, తోటివాళ్లు ఎవరి మాట వింటారో అలాంటివాళ్లయితే మేలు. సర్వే ప్రశ్నలు వాళ్ల చేత సరిచూయించండి. ‘ఇలా అడిగితే ఎవడూ నిజం రాయడు’ అని వాళ్లంటే ఆ ప్రశ్న కొట్టేయండి, వాళ్ల ముందే కొట్టేయండి. తమ మాటకి ఒక వాక్యం మారిందని కళ్లారా చూసిన కుర్రాడు రెండోసారి పిలవకపోయినా వస్తాడు.

మీ ఆరుగురు నెలకోసారి కలవండి, ముప్పావుగంట మించకుండా. ఉపన్యాసాలు వద్దు. ఒకే కాగితం: ఎవరు, ఏ పని, ఏ తేదీకి. పోయిన నెల కాగితం చదివి మొదలుపెట్టండి. చేయనివాళ్లని నిలదీయకండి, ‘దీన్ని చిన్నది చేద్దామా’ అని అడగండి. ఇంకో చిక్కు మీకు ఇప్పటికే ఎదురై ఉంటుంది: అధికారులు మారిపోతారు. కష్టపడి ఒప్పించిన మనిషి బదిలీ అయితే మళ్లీ అ ఆల నుంచి మొదలు. అందుకే ఒప్పంద పత్రంలో మనిషి పేరు కాదు, పదవి రాయించండి. కొత్తాయన వచ్చిన మొదటి వారంలోనే ఆ కాగితం పట్టుకుని వెళ్లండి.

ఎన్నాళ్లు పడుతుంది అని మీరు అడగలేదు గానీ, కమిటీలో మిగిలినవాళ్లు అడుగుతారు. పైన చెప్పిన కమ్యూనిటీస్ దట్ కేర్‌ని 2003 నుంచి అమెరికాలోని 7 రాష్ట్రాల్లో 24 ఊళ్లలో పరీక్షించారు. చీటీలు వేసినట్టు 12 ఊళ్లకి ఇచ్చి, 12 ఊళ్లకి ఇవ్వకుండా. ఐదో తరగతి నుంచి నాలుగు వేల పైచిలుకు పిల్లల్ని వెంబడించారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆ పద్ధతి నడిచిన ఊళ్లలో సిగరెట్, మద్యం మొదలుపెట్టిన పిల్లలు తక్కువ. పన్నెండో తరగతిలోనూ అసలు ముట్టనివాళ్లు అక్కడే ఎక్కువ. కానీ ఆ వయసులో ప్రస్తుతం వాడుతున్నవాళ్ల లెక్క చూస్తే రెండు వైపులా పెద్ద తేడా లేదు. అంటే మొదలుపెట్టకుండా ఆపడంలో ఫలితం బాగా కనిపించింది, మొదలుపెట్టినవాళ్ల విషయంలో అంతగా కనిపించలేదు. ఇంట్లో, బళ్లో పరిస్థితులు మారడానికే రెండు నుంచి ఐదేళ్లు, వాడకం తగ్గడానికి ఐదేళ్లు, ఆపైన పడుతుందని ఆ పద్ధతిని తయారుచేసినవాళ్లే చెబుతారు. ఈ మాట మీ ఆరుగురికీ ముందే చెప్పేయండి. విని ఒకరు వెళ్లిపోతే వెళ్లిపోనివ్వండి.

చివరగా, మీ ఉత్తరంలో ఒక్క ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ‘ఆ ముగ్గుర్నీ పంపించేశాం’ అని హెడ్‌మాస్టర్ గారి మాటగా రాసి, మీరు ముందుకెళ్లిపోయారు. ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు? ఇంకో బళ్లో చేరారా, ఖాళీగా తిరుగుతున్నారా? కమిటీ పుట్టిందే వాళ్ల వల్ల. బడి తెగిపోయిన పిల్లవాడికి రోజంతా ఖాళీయే, అడిగే టీచరూ ఉండదు. ఆ బిల్డింగు వెనక చోటు మాత్రం అక్కడే ఉంది.

హెడ్‌మాస్టర్ గారి దగ్గరికి సర్వే కాగితంతో వెళ్లేముందు ఆ మూడిళ్లకీ వెళ్లి రండి. కమిటీ తరఫున కాదు, చదువు చెప్పిన టీచరుగా. ఆస్పత్రికి వెళ్లొచ్చిన వాడింటికి ముందు వెళ్లండి. మత్తు మాటెత్తకండి. ‘ఏ బళ్లో చేరదామనుకుంటున్నావు, ఎవరితో మాట్లాడమంటావు’ అని అడగండి. వాడేమన్నాడో నాకు మళ్లీ రాయండి.